దగ్గు పీల్చిన ఆకాశనౌక

కుంఠా నాకా వెనక సందులో పొద్దు మగ్గాల చప్పుడుతోనే మొదలవుతుంది. గోదావరి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఆమె మగడు పెంటయ్య ఆ వేళకు కార్ఖానాలో చద్దర్లు నేస్తూ ఉండాలి. ఇప్పుడు గోడకానుకుని దగ్గుతున్నాడు. దున్నేవాడికే భూమి అన్నారు. నేసేవాడికి మాత్రం దుమ్మే దక్కింది. నేసిన చద్దరేమో కార్ఖానా సేటు గోదాముకు పోయింది, దాని నూగు పెంటయ్య ఛాతీలో చేరింది. ఆదివారంలోగా దగ్గు తగ్గకపోతే మగ్గం ఇంకొకరికి ఇస్తానని సేటు కబురంపాడు.

ఊరికే కూర్చోలేక పెంటయ్య పాత సామాన్ల బజారులో కొన్న డబ్బా విప్పాడు. ముక్కలు కలిపి కట్టుకునే ప్లాస్టిక్ ఆకాశనౌక అది. పక్కింటి టీవీలో వచ్చే సీరియల్లో అలాంటి నౌకలు తిరిగేవి. వాటిలోని మనుషులు ఎక్కడికి పోయినా తమ గాలిని వీపున మోసుకుపోవడం అతనికి తెగ నచ్చింది. డబ్బాలోని జిగురు ఎండిపోయి ఉంది. రెక్కలు కలిపి పట్టుకుంటే దగ్గుకు చెయ్యి అదిరి జారిపోయేవి.

“ఇటియ్యి,” అంది గోదావరి. బీడీ దారంతో ఒక్కో అతుకూ బిగించి కట్టింది. చివరికి గరాటుల్లాంటి ఇంజన్లు మిగిలాయి. ఎటు తిప్పి పెట్టాలో చూద్దామంటే డబ్బా మీది బొమ్మ చినిగిపోయి ఉంది. ఆమె చేతికి తెలిసింది ఒకటే: బీడీకి వెడల్పు కొస నిప్పుకు, సన్న కొస నోటికి. అందుకే వెడల్పు మూతులు ముందుకు తిప్పి, సన్న కొసలు నౌక కడుపులోకి దోపింది.

“ఉల్టా పెట్టినవే. పొగ ఎనకకు ఎట్ల పోతది?” అన్నాడు పెంటయ్య.

“పీల్చనీకె గద చేసేది.”

నౌక పీల్చడం మొదలుపెట్టింది. ముందు నేల మీది నూగు లేచింది. తర్వాత పెంటయ్య దగ్గినప్పుడు నోట్లోంచి ఎర్ర పోగొకటి బయటికొచ్చి, నౌక మూతిలోకి సాగింది. దాని వెనక ఆకుపచ్చది. గోదావరి చాట పక్కకు జరిపి నౌక తోక కింద గోనెసంచి పట్టింది. చూడవచ్చిన ఆడవాళ్లు, ఎరుపు దీపావళి చద్దర్లదని, పచ్చ అంతకు ముందుదని తేల్చారు. సంచి నిండేసరికి పెంటయ్య చాయ్ గ్లాసు ఎత్తి, దించకుండా తాగాడు.

కార్ఖానా వేస్టు నూలంతా సేటుదే. జేబులో పోగున్నా గేటు దగ్గర తీసేసుకుంటారు. అందుకే సంగతి తెలిసి, ఆదివారం పొద్దున కార్ఖానా పనివాళ్ల మీద పెత్తనం చేసే ముకద్దం యాదగిరి సంచి కోసం వచ్చాడు. పోగు వేళ్లతో నలిపి చూశాడు.

“మన కార్ఖానా రంగే వదినా. సేటు సొత్తు, తీస్కరమ్మన్నడు.”

సందంతా గుమిగూడింది. గోదావరి సంచి తెచ్చి అతని ముందు పెట్టింది.

“తీస్కపో అన్నా. నూలు సేటుదైతే దగ్గు గూడ సేటుదే. ఇన్నేండ్లు మా ఆయన మోసిండు. రేపు మగ్గం ఎవనికిస్తడో, ఈ సంచి గూడ వానికే ఇయ్యమను.”

ఇది విన్నాక ఆ మగ్గం ముట్టుకునే మనిషి ఆ సందులో దొరకడని యాదగిరికి తెలుసు. సంచి ఎత్తినవాడు మళ్లీ దించాడు.

“పెంటన్నా, రేపు డ్యూటీకి రా. సేటుకు నేను చెప్త,” అన్నాడు. కానీ వెళ్లిపోలేదు. అతనూ ఒకప్పుడు మగ్గం ముందు నిలబడ్డవాడే. అంగీ గుండీలు విప్పి నౌక ముందు పీటేసుకున్నాడు.

“నాది నల్ల నూలు వదినా. ఇంకో సంచి పట్టు.”

పెంటయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి జారకుండా నవ్వుగానే ముగిసింది.