తీర్పు రోజు రవ్వకేసరి

“ఉరిశిక్ష ఖాయం చేశారు. టీవీవాళ్లు వస్తున్నారు, కాస్త రవ్వకేసరి చెయ్యి” అన్నారు మా ఆయన భానుమూర్తి, చెప్పులు విప్పుతూనే. మా పాప ప్రణతి బాంబు పేలుడులో పోయిన పన్నెండేళ్లకు పైకోర్టు ఇచ్చిన తీర్పు అది. మరొకరెవరైనా ఈ రోజు కేసరి అడిగితే సిగ్గులేదా అని అడిగేదాన్ని. ఈయన అడిగారు కాబట్టి జీడిపప్పు వేయించాను. అలవాటు అలాంటిది.

“మంచి చీర వద్దు, పాతది కట్టుకో. మాటలు నేను చూసుకుంటా, నువ్వు ఏడిస్తే చాలు” అన్నారు మళ్లీ. ఏటా పేలుడు జరిగిన దిల్‌సుఖ్‌నగర్‌లో కొవ్వొత్తులు వెలిగించేటప్పుడూ ఇదే పంపకం. ఏడుపు నాది, మైకు ఆయనది.

అప్పట్లో మేం అక్కడే అద్దెకుండేవాళ్లం. ఆ సాయంత్రం ఆయన ఆఫీసరు ఇంటికొచ్చాడు. ఉప్మా చేస్తానంటే, “ఆయనకి ఉప్మా పెడతావా? వెళ్లి మిర్చిబజ్జీలు పట్రా” అన్నారు. నాలుగేళ్ల పాప ఆఫీసరు ఒళ్లోకి ఎక్కబోతుంటే, “దీన్నీ తీసుకుపో, ప్రాణం తోడేస్తోంది” అన్నారు. బజ్జీలబండి దగ్గర నేను పొట్లం అందుకుంటున్నాను. అంతవరకే నాకు గుర్తుంది.

ఆసుపత్రిలో నేను కళ్లు తెరిచాక మా అత్తగారు అమ్మాజీ గారు అడిగిన మొదటి మాట, “చంటిదాన్ని బజారుకి ఎందుకు తీసుకెళ్లావే?” ఆయన పక్కనే ఉన్నారు. నేనే పంపానమ్మా అంటారని చూశాను. గోడవైపు తిరిగారు. దుఃఖంలో నోరు పెగల్లేదేమో అనుకున్నాను. పన్నెండేళ్లయినా పెగల్లేదు. పైగా నెల తిరిగేసరికి ఆయనా అదే అడగడం మొదలుపెట్టారు. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట అక్కడికే పోయేది. “నీకు జాగ్రత్త ఎక్కడేడ్చింది, ఉంటే పిల్ల దక్కేది” అనేవారు. బాంబు పెట్టినవాళ్లకైనా ఒక వకీలు ఉన్నాడు. ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడేవాళ్లు లేరు.

రిపోర్టరు పేరు సంతోషి. చిన్నపిల్ల. కేసరి ప్లేటు ముట్టుకోలేదు. ఆయన దేశం గురించి కాసేపు, న్యాయం గురించి కాసేపు మాట్లాడి, “ఒక్కొక్కణ్ణీ నడిబజార్లో ఉరితీయాలి” అన్నారు. అత్తగారు కొంగు కళ్లకు అద్దుకున్నారు. సంతోషి మైకు నా వైపు తిప్పింది.

“ఆవిడ మాట్లాడే స్థితిలో లేదండీ” అన్నారాయన.

“జర ఆమెను చెప్పనీయుండ్రి సార్. అమ్మా, ఉరి ఎయ్యాల్నా, బతికినన్ని దినాలు జైల్ల పెట్టాల్నా? మీరేమంటరు?”

నాకు ఏడుపు రాలేదు.

“పాపను నా అంతట నేను తీసుకెళ్లలేదు. ఈయన పంపారు” అన్నాను ముందు. అత్తగారు కొడుకు మొహంలోకి చూశారు. “ఇప్పుడవన్నీ ఎందుకు, కట్ చేయండి” అంటూ ఆయన కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టబోయారు. సంతోషి మైకు తీయలేదు.

“ఉరి వద్దమ్మా” అన్నాను. “జాలిపడి కాదు. వాళ్లను జైల్లో బతకనివ్వండి. వాళ్లు పోతే, పాప ఎందుకు చచ్చిపోయిందని అడగడానికి అందరికీ నేనొక్కదాన్నే మిగులుతాను.”