ఊదు వేసిన కాగితాలు

జైతూన్ బీ "మా బాబా జమేదార్" అంది. హన్మాండ్లు "జమాదార్" అని విన్నాడు. ఏత్వం ఎగిరిపోయి దీర్ఘం వచ్చి కూర్చుంది. అంతే, నిజాం కొలువులో అరబ్బు దండును నడిపిన పెద్దమనిషి చేతిలోంచి కత్తి జారి చీపురు వచ్చి పడింది.

"మా నాయినగూడ నిర్మల్ మున్సిపాలిటీల జమాదారే అవ్వా! ఊడ్చుడే ఊడ్చుడు! మనది ఒకటే ఖాందాన్!" అని మురిసిపోయాడు హన్మాండ్లు. మురిసి ఊరుకుంటే బాగుండేది. జెద్దాలో తను మోటారు బాగుచేసి, మెట్లు కడిగే, ఆమె ఉండే బిల్డింగు మొత్తానికీ ఈ సంగతి పంచిపెట్టాడు. పై అంతస్తు పాకిస్తానీ డ్రైవరు మెట్ల మీద ఎదురై, "మీ అబ్బా ఏ గల్లీ ఊడ్చేవారు ఖాలాజాన్?" అని మర్యాదగా అడిగాడు.

ముసలామె తిట్టలేదు. "ఒకనాడు మొహరున్న కాయితం జూపిస్త. అప్పుడు నీ నోరు మూతవడ్తది బిడ్డా," అంది. అని, చాయ్ పోసింది.

ఆమె పుట్టింది నిర్మల్‌లోనే. నిజాం దిగిపోయాక అరబ్బు సిపాయీలను ఓడలెక్కించి యెమెన్ పంపేస్తే, తండ్రి వేలు పట్టుకుని అటునుంచి జెద్దా వచ్చిన పిల్ల. తల్లి అప్పటికే నిర్మల్ మట్టిలో కలిసిపోయింది. తల్లి తెలుగు మాత్రం పిల్లతో పాటు ఓడెక్కింది. కొడుకు అవద్‌కు ఆ భాష ఒక్క ముక్క రాదు. అందుకే మీసం నెరిసిన ఈ హన్మాండ్లు పానా పట్టుకుని కనబడితే చాలు, ఆమె నోటికి పండగ. జెద్దా అంటే అరబ్బీలో అవ్వ అని ఎవరో చెప్పారతనికి. "అవ్వ ఊర్లె నాకు అవ్వ దొర్కింది," అని రూములో గొప్పలు పోయేవాడు.

ఆ గొప్ప ఎన్నాళ్లో నిలవలేదు. సౌదీవాళ్లకు ఇన్ని కొలువులియ్యాలనే నితాఖత్ చట్టం వచ్చి, "నీ తాకత్ ఎంత?" అని ప్రతి కంపెనీనీ నిలదీసింది. హన్మాండ్లు కంపెనీ వీసాలు పొడిగించని రెడ్‌లో పడింది. దాని వెనకే లెవీ దిగింది. పరదేశీయుడు ఇంట్లోవాళ్ల తలకింత చొప్పున కట్టాలి. లెవీ కట్టమంటే "లేవి" అన్నవాళ్లే అందరూ. అవద్‌దీ యెమెన్ పాస్‌పోర్టే. తల్లినీ పెళ్లాంపిల్లల్నీ అక్కడి ముకల్లాకు బస్సెక్కించక తప్పలేదు. బస్సువాడు మనిషికొక పెట్టె అన్నాడు.

ఆ ఇంట్లో పై అర మీద ఒక పచ్చగుడ్డ మూట ఉండేది. ప్రతి శుక్రవారం జైతూన్ బీ దాన్ని దింపి, ఊదు పొగ పట్టి, కళ్లకద్దుకుని, మళ్లీ పైన పెట్టేది. అదేమిటని హన్మాండ్లు ఎన్నడూ అడగలేదు. పచ్చగుడ్డ, ఊదు. ఊళ్లోని పీర్ల చావిడి కళ్లెదుట నిలబడితే ఇంక అడిగేదేముంది? ఆ పొగ తగిలినప్పుడల్లా చెప్పులు విడిచి, చేతులు కట్టుకునేవాడు.

సామాను సర్దేనాడు కోడలు ముసలామెను బీపీ చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్లింది. అవద్ హన్మాండ్లును పిలిచి పై అర చూపించాడు. "పాత దువా పుస్తకాలు, చినిగిన పేజీలు ఉన్నాయి. దేవుడి పేరు చెత్తలో పడకూడదు. మసీదు దగ్గరి డబ్బాలో వేసి రా." ఆ డబ్బా ఉన్నదే అందుకు. అందులో వేసినవాటిని ఎవరి కాళ్ల కిందా పడనీయకుండా తీసుకెళ్లి, మిషనులో పొడి చేస్తారు.

హన్మాండ్లు కాళ్లూ చేతులూ కడుక్కుని పుస్తకాలు దింపాడు. పక్కనే పచ్చమూట. ఇల్లు ఖాళీ చేస్తూ దేవుణ్ణి బస్సు డిక్కీలో కుక్కుతారా? పీర్లను సాగనంపినట్టు సాగనంపాలి గానీ! గుడ్డ విప్పి, అవ్వ కోసం మడతపెట్టి ఉంచాడు. లోపలి కాగితాలన్నీ అతనికి రాని ఆ అరబ్బీ లిపిలోనే ఉన్నాయి. మధ్యలో ఒక్కటి తెలుగుది తగిలింది. "దేవుడు తెలుగుల రాయడు గద," అనుకుని దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మిగతావి నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా, జెద్దా ఎండలో, కాగుతున్న డాంబరు మీద నడిచాడు.

సాయంత్రం జైతూన్ బీ తిరిగొచ్చింది. అర చూసింది.

"పచ్చమూటేది బిడ్డా?"

"సాగనంపిన అవ్వా! నెత్తిన వెట్టుకోని, చెప్పులిడిసి. అరికాళ్లు ఎట్ల గాలినయో సూడు," అని కాలెత్తి చూపించాడు, మెచ్చుకుంటుందని.

ఆమె ఆ బొబ్బల వైపే చూస్తూ అవద్‌ను కేకేసింది.

అవద్ పరుగెత్తాడు. వెనకే కుంటుతూ హన్మాండ్లు. డబ్బా ఖాళీ. అసర్ నమాజు కాగానే బండి వచ్చి వెళ్లిందన్నారు.

తిరిగొచ్చి అవద్ మెట్ల మీదే అరిచాడు. "మా తాత కొలువు సనదు! నిజాం మొహరున్నది! ఆయన చేత్తో రాసుకున్నవి! అన్నీ ఈ గాడిద..." బిల్డింగంతా గుమిగూడింది.

"మొహరా?" హన్మాండ్లు ముసలామె వైపు తిరిగాడు. "అది దేవునిది గాదా అవ్వా? ఊదు ఏస్తుంటివి గద!"

"మా బాబాకు ఏసిన ఊదు బిడ్డా అది. ఈడ గోరీల మీద పేరు రాయరు. ఏ దిబ్బ కింద ఉన్నడో నాకే తెల్వది. ఆయన పేరున్నది గా కాయితాల మీదనే."

హన్మాండ్లు చెయ్యి జేబులోకి పోయింది. ఆ తెలుగు కాగితం తీశాడు. చెమటకు తడిసి ఉంది.

"సదువు," అంది ఆమె. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు.

"అమ్మ. ఆవు. ఇల్లు. ఈగ." చంటిపిల్లల రాతలా వంకరటింకర అక్షరాలు. ఎంత పెద్ద జమేదారో, భార్య పక్కన కూర్చుని తెలుగు దిద్దినట్టున్నాడు. "కింద నీ పేరున్నది అవ్వా. కొట్టేసి, మళ్ల రాసి, మళ్ల కొట్టేసిండు."

"ఆయన పేరు?"

"లేదవ్వా."

ఆమె కాగితాన్ని పచ్చగుడ్డలో చుట్టుకుంది. ఇప్పుడా గుడ్డలో మూట కట్టేంత ఏమీ లేదు. అప్పుడు తలెత్తి అందరివైపూ తిరిగింది. కొడుక్కి అరబ్బీలో, డ్రైవరుకు ఉర్దూలో, హన్మాండ్లుకు తెలుగులో, ఒకే మాటను మూడుసార్లు చెప్పింది.

"ఈయన్ని ఎవ్వరేమనకుండ్రి. దేవుడనుకున్నడు, నెత్తిన మోసిండు. ఇంకో ముచ్చట. మా బాబా జమాదార్ అని మీకందరికి చెప్పిండు గద, కాదు. జమేదార్. అరబ్బు దండు ఆయన ఎనుక నడిచేది. కాయితం జూపిస్తనన్న." ఖాళీ అర వైపు ఒకసారి చూసింది. "ఇప్పుడు నా నోటిమాటనే. నమ్ముండ్రి."