ఆదోని మీద మబ్బు

ఉడుకుతున్న గంజిని మా కళ్ళముందే మట్టిలో ఒలకబోశారు. యాభై రెండో సంవత్సరం, వైశాఖం. నాకు పాలు ఎండిపోయి నాలుగు దినాలు. చంకలోని బిడ్డ ఇంకా గంజి కడవ వైపే చెయ్యి చాచి ఉంది.

"నిన్న ఆదోనిలో రెండంగుళాల వాన పడింది. కరువు తీరింది, గంజి కేంద్రం ఎత్తేశాం," అన్నాడు కంట్రాక్టరు రామకృష్ణయ్య.

వాన కొలిచే రాగి డబ్బా ఆదోనిలో ఆయన పత్తి మిల్లు ఆవరణలోనే ఉంది. అది తడిస్తే సర్కారు లెక్కలో చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళూ తడిసినట్టే.

"ఈడ దుమ్ము గూడా అణగల్యా గదప్పా!" అంది నా పక్కనున్న తిప్పమ్మ.

"ఆకలైతే మిల్లుకు రండి. పని చేస్తే పూట తిండి పెడతా."

పొయ్యి ఎందుకు ఆర్పాడో అప్పుడు అర్థమైంది.

సాయంత్రం ఎండిన వంకలో ఊరి కూలోళ్ళమంతా కూర్చున్నాం. అర్జీ పెడదామన్నాడు హనుమన్న, కూలి సంఘం మనిషి.

"అర్జీ తిరిగొచ్చేలోపల పిల్లోల్లు మిగలాల గదన్నా," అన్నాడు మాదన్న.

"ఆ డబ్బానే మనూరికి ఇల్లరికం తెచ్చుకుందాం. దాని ఎనకాలే వానొస్తాది!" అంది తిప్పమ్మ. ఆకలిలోనూ నవ్వాం.

సిద్దమ్మ నవ్వలేదు. ముసలి చేతులతో నేల తవ్వుతూనే ఉంది. "రెండంగుళాల వానకు జానెడు లోతు పదునుండాల. ఏదీ? ఈ మన్నే గంజి గిన్నెల్లో ఎత్తకపోదాం. కొలవమందాం."

హనుమన్న పక్క ఊళ్ళకు కబురు చెప్పడానికి బయలుదేరాడు.

తెల్లారి మన్ను నింపిన గిన్నెలతో మూడొందల మందిమి ఆదోనికి నడిచాం. ఆదోని గుట్టల మీద నల్లగా మబ్బు లేచింది. పుట్టి బుద్ధెరిగాక మబ్బును చూసి నేను భయపడింది ఆ రోజే.

"పోయే, ఆడ కురవాకు!" అని అరిచింది తిప్పమ్మ. వెంటనే లెంపలేసుకుంది.

మిల్లు గేటు దగ్గర పోలీసులు. రామకృష్ణయ్య ఆకాశం వైపు చూసి నవ్వాడు. "మళ్ళీ వస్తోంది, చూడండి."

పోలీసుల్ని తోసుకుని లోపలికి పోయాం. సిద్దమ్మ గిన్నెడు మన్ను డబ్బాలో పోసింది.

"ఇది మా ఊరి వాన, సావుకారూ. రాసుకో ఎంతుందో!"

వెనకాల మాదన్న, తిప్పమ్మ, నేను. గిన్నె తరవాత గిన్నె. డబ్బా కనపడకుండా మన్ను కుప్పయింది.

సిద్దమ్మను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. "గంజి పొయ్యి రాజుకునేదాకా ఈడ్నుంచి కదలొద్దండే!" ఆమె కేక గేటు అవతల తెగిపోయింది.

పెద్ద చినుకులు పడ్డాయి.

"డబ్బా తవ్వి తీయండ్రా!" అని మిల్లు కూలోళ్ళ మీద అరిచాడు రామకృష్ణయ్య. వాళ్ళు మా గిన్నెల వైపు చూశారు. ఒక్కరూ పార ముట్టలేదు.

లాఠీలు దగ్గరికొస్తున్నాయి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ కుప్ప మీద కూర్చున్నాను. పక్కన తిప్పమ్మ కూర్చుంది. బిడ్డ నోరు తెరిచి చినుకులు పట్టుకుంటోంది.

గేటు అవతల, వాన లేని కౌతాళం దారిలో ఎర్రగా దుమ్ము లేచింది. ఇంకో ఊరు గిన్నెలతో వస్తోంది.