మహేశ్వరి తగ్గించిన అంకె

ఫలితాల రోజున విశ్వవిద్యాలయం వెబ్‌సైటు ఆగిపోవడం తార్నాకలో ఎవరికీ వింత కాదు. పదకొండింటికి ఫలితాలు పెడతారు, పదకొండూ ఐదుకల్లా పేజీ తెరుచుకోదు. మధ్యాహ్నానికి హాస్టళ్ల నుంచీ, మెట్రో దిగీ, సీతాఫల్‌మండి స్టేషన్ నుంచి నడిచీ వచ్చిన విద్యార్థులు పరీక్షల విభాగం కిటికీ ముందు బారులు తీరతారు.

మహేశ్వరి ఆ విశ్వవిద్యాలయంలోనే ఎంసీఏ చదివి, అక్కడి కంప్యూటర్ కేంద్రంలోనే కాంట్రాక్టు ప్రోగ్రామరుగా చేరింది. సైటు రాసినతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాక అది ఆమె నెత్తిన పడింది.

డిసెంబరు ఫలితాల రోజు ధరణి అనే విద్యార్థిని కేంద్రం మెట్లెక్కి వచ్చింది. సాయంత్రం ఐదులోగా మార్కుల మెమో పంపకపోతే ఒక పరిశోధన సంస్థలో ఆమెకు వచ్చిన శిక్షణ సీటు పోతుంది. మెమో మీద డిజిటల్ సంతకం సైటు నుంచి తీస్తేనే పడుతుంది కాబట్టి వేరే దారి లేదు. మహేశ్వరి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు ప్రయత్నించింది. తెర మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది. ఐదు దాటాక ధరణి ఫోను బ్యాగులో పెట్టుకుని, "మీరేం జేస్తరక్కా, పోనీ" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే మహేశ్వరికి అంత బాధ ఉండేది కాదు.

మర్నాటి నుంచి ఆమె సైటు లోపలి రికార్డులు చదవడం మొదలుపెట్టింది. సైటు వెనక మూడు డేటాబేసులున్నాయి: మార్కులది, హాస్టలుది, లైబ్రరీది. విద్యార్థి తన పేజీ తెరిస్తే మార్కులతో పాటు హాస్టల్ గది, తిరిగివ్వాల్సిన పుస్తకాలు కూడా కనిపిస్తాయి. ఒక్కో డేటాబేసుతో మాట్లాడటానికి సైటు కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి ఉంచుకుంటుంది. ఆ గుంపునే పూల్ అంటారు. పని పడ్డప్పుడు అందులోంచి ఒకటి తీసుకోవాలి, అయ్యాక తిరిగి పెట్టాలి. అన్నీ వాడకంలో ఉంటే తర్వాత వచ్చినవాళ్లు ఆగాల్సిందే. సైటు ఆగినప్పుడల్లా పాత ప్రోగ్రామరు పూల్‌లోని కనెక్షన్ల అంకె పెంచుకుంటూ పోయాడు. ఇరవై యాభై అయింది, యాభై వంద అయింది.

వారం తర్వాత ఆమెకు ఒక సంగతి కనబడింది. ధరణితో కూర్చున్న ఆ నాలుగు గంటలూ మార్కుల డేటాబేసు దాదాపు ఖాళీగా కూర్చుంది. దాని వంద కనెక్షన్లూ ఎవరి చేతిలోనో ఉన్నాయి. కానీ దాన్ని అడుగుతున్నవాళ్లే లేరు.

ఆ చిక్కుముడి వీడక ముందే ఏదో జాబితా కోసం పరీక్షల విభాగానికి వెళ్లాల్సి వచ్చింది. కిటికీ దగ్గర సీనియర్ అసిస్టెంట్ బాలస్వామి సర్టిఫికెట్లు ఇస్తున్నాడు. ఒక కుర్రాడి కాగితాల్లో లైబ్రరీ స్లిప్పు లేదు. బాలస్వామి ఆ ఫైలు తిరిగిచ్చేసి, "పోయి స్లిప్పు తెచ్చుకో బిడ్డా. ఎనకాయన రా" అన్నాడు.

"అతను వచ్చేదాక ఆగరా సార్?" అని అడిగింది మహేశ్వరి.

"ఆగితే లైన్ నడుస్తదా అమ్మా? వాని ఫైలు పట్టుకొని కూసుంటే ఎనకున్న రెండొందల మంది ఎండల నిలబడాలె."

ఆమె జాబితా సంగతి మరిచిపోయి సీటుకు తిరిగొచ్చింది. ప్రోగ్రాం తెరిచి చూస్తే, బాలస్వామి చేయనన్న పనే సైటు చేస్తోంది. సైటు మొదట మార్కుల కనెక్షన్ తీసుకుంటుంది. దాన్ని వదలకుండానే లైబ్రరీని అడుగుతుంది. లైబ్రరీది పాత యంత్రం, రద్దీలో అర నిమిషానికి గానీ జవాబివ్వదు. ఆ అర నిమిషమూ మార్కుల కనెక్షన్ ఊరికే చేతిలో ఉంటుంది. ఇటువంటివి వంద పోగయ్యాక ఎవరికీ మార్కులు రావు. పైగా ఆ వందమందీ ఒక్కసారే మీద పడటంతో లైబ్రరీ ఇంకా నెమ్మదిస్తోంది.

కేంద్రం డైరెక్టరు దివాకర్ అప్పటికే కొత్త సర్వరు కోసం ఫైలు పంపి ఉన్నాడు. ఆమె చెప్పింది విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తగ్గిస్తవా? పెంచితెనే సాల్తలేదు కదమ్మా."

"మూడు పూల్స్‌కు ఒకటే అంకె కాకుండ వేరే వేరే పెడత సార్. పని కాంగనే కనెక్షన్ వాపస్ ఇచ్చేటట్టు రాస్త. లైబ్రరీకి పది చాలు. రెండు సెకండ్లల జవాబు రాకుంటే దాన్ని ఇడిచిపెట్టి మార్కులు చూపిస్తం. మార్కులకు ఇరవై."

"వంద కాడికెళ్లి ఇరవైకా?"

"ఒకరి మార్కులు తీయనీకె సెకండ్ల వందో వంతు పడ్తది. ఇరవైతోని సెకండుకు రెండు వేల మందికి ఇయ్యొచ్చు సార్."

దివాకర్ కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాడు. "ఆగిపోతే అందరు నన్నే అడుగుతరు" అన్నాడు మెల్లగా.

"సైటుల మార్పులు రాసే రిజిస్టర్ల నేను సంతకం పెడత సార్. నా పేరు చెప్పున్రి."

మార్పులన్నీ రాశాక ఒక ఆదివారం ల్యాబులోని కంప్యూటర్లన్నిటి నుంచీ ఐదు వేల మంది ఉత్తుత్తి విద్యార్థులను సైటు మీదికి వదిలింది. మూడో నిమిషంలో సైటు ఆగిపోయింది. వెనకే నిలబడ్డ దివాకర్ కళ్లజోడు తుడుచుకుని తన గదికి వెళ్లిపోయాడు. రెండు రోజులు వెతికితే కారణం దొరికింది: తప్పుడు హాల్‌టికెట్ నంబరు కొడితే పేజీ మధ్యలోనే ఆగిపోయి, తీసుకున్న కనెక్షన్ పూల్‌కు తిరిగి రావడం లేదు. పని చెడినా సరే కనెక్షన్ వెనక్కి వచ్చేలా రాసింది. మళ్లీ వదిలింది. ఐదు వేలకు బదులు పది వేలు వదిలినా సైటు ఆగలేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. సరిగ్గా పదకొండింటికి ఆమె మీట నొక్కింది. మూడు నిమిషాలకే లైబ్రరీ చతికిలబడింది. తెర మీద ఎర్ర గీత చూసి దివాకర్ ముందుకు వంగాడు. మహేశ్వరి తన ఫోనులో ఒక పేజీ తెరిచి చూపించింది. 'లైబ్రరీ వివరాలు కాసేపట్లో' అన్న చిన్న వాక్యం, దానిపైన మార్కులన్నీ. ఇరవై కనెక్షన్లలో ఒక్కసారి కూడా పద్నాలుగుకు మించి వాడకంలోకి రాలేదు.

పన్నెండింటికి బాలస్వామి ఫోన్ చేశాడు. "ఏందమ్మా, రిజల్ట్ పెట్టలేదా? కిటికీ కాడ ఒక్కలు లేరు."

"పెట్టినం సార్. అందరు చూసుకున్నరు."

"ఇరవై ఆరేండ్ల సర్వీసుల రిజల్ట్ రోజు నేను గీ టైంకు చాయ్ తాగుడు ఇదే ఫస్టు" అన్నాడతను.

దివాకర్ కొత్త సర్వరు ఫైలు వాపసు తెప్పించుకుంటానన్నాడు. పైవాళ్లకు పంపే ఉత్తరంలో సాంకేతిక సిబ్బంది అని రాసిన చోట కొట్టేసి మహేశ్వరి పేరు రాశాడు. రాసి, ఇంటిపేరు అక్షరాలు సరిగా ఉన్నాయా అని ఆమెనే అడిగాడు.

ఒంటిగంటకు ఆమె అమ్మాయిల హాస్టల్ మెస్‌కు వెళ్లింది. తల్లి సోమమ్మ పదిహేనేళ్లుగా అక్కడ వడ్డిస్తోంది. ఆ పూట గరిటె తిప్పుతూ, కంచం పట్టిన ప్రతి పిల్లనూ ఒకటే అడుగుతోంది.

"వచ్చిందా రిజల్టు? జల్దినే వచ్చిందా? అది నా బిడ్డ జేసింది."

"అమ్మా, ఊకో" అంది మహేశ్వరి తల దించుకుని.

"ఎందుకు ఊకోవాలె? పాసైనోళ్లు చెప్పుకుంటలేరా?"

కంచంతో నిలబడ్డ అమ్మాయి ఒకతె మహేశ్వరి వైపు తిరిగింది. "పోయినసారి పొద్దుగూకేదాక ఓపెన్ కాలే అక్కా. ఏం మార్చిన్రు?"

ఎప్పుడూ 'ఏం లేదు, చిన్న పనే' అనేసే మనిషి మహేశ్వరి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో ధరణి గుర్తొచ్చింది. చిన్న పని కాదనిపించింది.

"కూసో, చెప్త" అంది. అన్నం కలుపుకుంటూ మొదటి నుంచీ చెప్పింది. ఇంకో ముగ్గురు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. వంద ఇరవై ఎందుకయిందో చెబుతున్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా, గట్టిగా వినిపించింది.

సోమమ్మ పెరుగు గిన్నెతో వచ్చి అంతా విన్నది. అర్థమైంది సగమే. "గా ఇరవై నువ్వే లెక్కగట్టినవా?" అని అడిగింది.

"నేనే అమ్మా."

సోమమ్మ తలూపి, కూతురి కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.