పేరులో పాము ఆయనది, పగ నాది

నేను ఒక రికార్డరుని. అరచేతిలో ఇమిడిపోతాను. నల్లటి ఒళ్ళు, నెత్తిన రెండు బుల్లి మైకులు, పొట్టలో రెండు బ్యాటరీలు. చూడ్డానికి సాధువునే గానీ నాకు పగ ఎక్కువ. పాముది పన్నెండేళ్ళ పగ అంటారు. పేరులో పామును పెట్టుకున్నది మాత్రం నా శత్రువు: ప్రొఫెసర్ భుజంగరావు, ఆధునిక సమాచార, నవమాధ్యమాల విభాగానికి అధిపతి.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలో. బుద్ధెరిగింది ఈ విశ్వవిద్యాలయం బీరువాలో. నన్ను కొన్నాక ఏం చేయాలో తోచక రెండేళ్ళు తాళం వేసి ఉంచారు. సమాచారం బోధించే చోట నాతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు ఎవరూ. తర్వాత ఒకబ్బాయి తీసుకెళ్ళి తన పెళ్ళిచూపులు రికార్డు చేసుకున్నాడు. ఇంకొకావిడ క్లాసులు రికార్డు చేస్తానని పట్టుకెళ్ళింది. భుజంగరావుగారి ఉపన్యాసం మొదలవగానే ఆవిడా కునుకు తీసింది, నేనూ తీశాను.

ఆ తర్వాత నూకరత్నం చేతికొచ్చాను. మైలపల్లి వారి పిల్ల. శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టేవాళ్ళ పేట వాళ్ళది, ఎం.ఏ. రెండో ఏడు. మా విభాగంలో ఒక ఆచారం ఉంది. పరికరాన్ని విద్యార్థి పేర ఇవ్వరు, పోగొడితే ఎవర్ని పట్టుకోవాలని భయం. రిజిస్టర్లో గైడు పేరు రాసి, గైడు చేత సంతకం పెట్టించి, వస్తువును మాత్రం విద్యార్థి చేతిలో పెడతారు. రత్నానికి గైడు భుజంగరావుగారే. అలా కాగితం మీద నేను ఆయన దాన్నయ్యాను.

రత్నం పరిశోధన తన పేట ఆడవాళ్ళ మీదే. అక్షరం ముక్క రాని ఆ మనుషులు ఫోనులో వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుని చేపల బేరాలు చేస్తారు, పడవ ఒడ్డుకొచ్చిందని చెప్పుకుంటారు, గాలివాన వస్తోందని ఊరూరా హెచ్చరిస్తారు. ఎండలో, ఇసకలో, ఎండుచేపల వాసనలో నన్ను పట్టుకుని నలభై ఒక్క గడపలు ఎక్కింది. మా వాళ్ళు క్లాసులో ఒక పాఠం చెబుతారు: మాటలన్నీ అయ్యాక ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం పట్టుకోవాలి, తర్వాత మాటల్ని అతికేటప్పుడు అతుకు కనబడకుండా పనికొస్తుంది. పాఠాన్ని పాటించిన విద్యార్థిని నేను చూసింది ఈ పిల్లనే. ప్రతి గడపలోనూ చివర్న, "మైలపల్లి నూకరత్నం. పోలమ్మ పెద్దమ్మ ముంగిలి. నిశ్శబ్దం," అని చెప్పి నోరు మూసుకునేది. ఆ నిమిషంలో సముద్రం వినిపించేది, కత్తిపీట మీద చేపను కోస్తున్న చప్పుడు వినిపించేది. ఆ రోజుల్లో నేను హాయిగా బతికాను.

రత్నానికి సొంత లాప్‌టాప్ లేదు. ఫైళ్ళన్నీ విభాగం కంప్యూటర్లోకి ఎక్కించి, దిద్దమని నన్ను కూడా గైడుగారికి అప్పగించింది. పదిహేను రోజులకు ఆయన పిలిచాడు.

"దీన్లో పస లేదమ్మా. సినిమా పోస్టర్ల మీద చేసుకో," అన్నాడు.

"సార్, ఇంక మూడు నెలలే ఉందండి!"

"చాలు. బోలెడు."

మరో నెలకు గోడల మీద పోస్టర్లు వెలిశాయి: 'తీరస్వరం. ప్రొఫెసర్ భుజంగరావు సేకరించిన ఎనభై రెండు అపురూప ధ్వనులు. డిజిటల్ భాండాగారం ఆవిష్కరణ.' రత్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయన సొరుగులో పడున్న నేను అంతా విన్నాను.

"అవి నేను తెచ్చినవండి," అంది.

"మిషను ఎవరి పేర ఉందో రిజిస్టరు చూసుకో. నా సంతకం లేకుండా నీ థీసిస్ గడప దాటదు. డిగ్రీ కావాలా, గొడవ కావాలా?"

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు జాలి కలిగేది. ఏడవకపోయేసరికి పగ పుట్టింది. నీ దుంప తెగ, చూస్తానుండు అనుకున్నాను. ఏం లాభం? నన్ను ఎవరూ ఆన్ చేయలేదు.

ఆయనగారు మాటల్లోంచి రత్నం గొంతును ఏరేయించాడు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. ప్రశ్నలన్నీ పోయి జవాబులు మిగిలాయి. 'నిశ్శబ్దం' అని పేరున్న ఫైళ్ళ జోలికి మాత్రం పోలేదు. ఖాళీ ఫైలు ఎవడు వింటాడు? అయితే వాటిని పారేయనూ లేదు. కలుపుకుంటే నలభై ఒకటి ఎనభై రెండు అవుతుంది కదా!

ఆవిష్కరణ రోజు ఉదయం ఫోటోల కోసం బస్సు పంపించి ఆ నలభై ఒక్క మంది ఆడవాళ్ళనీ రప్పించాడు. అందరికీ శాలువాలు. నన్ను వేదిక మీద ముఖమల్ గుడ్డపై కూర్చోబెట్టి బొట్టు కూడా పెట్టారు. ఒళ్ళు మండిపోయింది. రత్నం చివరి వరసలో నిలబడి ఉంది. ముఖ్య అతిథి సోమిదేవమ్మగారు రేడియోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన పెద్దావిడ, ఆమె పక్కన వీసీగారు.

పోలమ్మ గొంతు వినిపించి, ఆమెను వేదిక పైకి పిలిచి, "ఈ తల్లి ముంగిట కూర్చుని నేనే స్వయంగా..." అని మొదలుపెట్టాడు భుజంగరావు.

పోలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "నువ్వెవులు బావూ? నిన్ను నానెప్పుడూ సూడనేదు."

హాలు గొల్లుమంది. "పెద్దావిడ కదా, మరిచిపోయింది," అని ఆయన నవ్వేశాడు.

సోమిదేవమ్మగారు నవ్వలేదు. "రేడియోవాళ్ళం చోటును నిశ్శబ్దంలోనే గుర్తుపడతాం. ఆ జాబితాలో 'నిశ్శబ్దం' అని ఉంది, అదొకటి వేయండి," అంది.

వేశారు. పెద్ద స్పీకర్లలో, తడబాటు లేకుండా, రత్నం గొంతు: "మైలపల్లి నూకరత్నం. పోలమ్మ పెద్దమ్మ ముంగిలి. నిశ్శబ్దం." తర్వాత సముద్రం. ఇంకొకటి వేయమంది. మళ్ళీ ఆ పేరే. ఇంకొకటి. మళ్ళీ! అబ్బ, నా ప్రాణం లేచొచ్చింది. పదకొండో ఫైలుకు భుజంగరావు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

అయినా లొంగాడా? "నేను పంపిన అమ్మాయేనండీ, సహాయకురాలు. మిషను నా పేరనే ఉంది, రిజిస్టరు తెప్పించండి," అన్నాడు. వీసీగారు తల పంకించాడు కూడా. కాగితం చూపిస్తే చాలు, మనుషులు కళ్ళెదుటి మనిషిని మరిచిపోతారు.

పోలమ్మ శాలువా తీసి బల్ల మీద పెట్టి, చివరి వరసలో ఉన్న రత్నం వైపు చెయ్యి చూపించింది. "కాయితం సంగతి మాకు తెల్దు. మాం సెప్పింది ఈ గుంటకి. నీకు కాదు. మా మాటలు మాకిచ్చీ, తీసీ అందులోంచి." మిగతా నలభై మందీ లేచి నిలబడ్డారు.

ఆయన చివరి దెబ్బ కొట్టాడు. "తీసేస్తే మిషన్లోవీ తీసేస్తాను. ఆ పిల్ల థీసిస్ కూడా మట్టికొట్టుకుపోతుంది. సరేనా?"

రత్నం వేదిక వైపు రెండడుగులు వేసింది. ఏడాది కష్టం అది. నా పొట్టలో ఉన్నదే ఆ పిల్ల డిగ్రీ. వద్దని అరవాలనిపించింది నాకు.

పోలమ్మ మాత్రం పకపకా నవ్వింది. "పోతే పోనీ. మా నోళ్ళు పడిపోనాయేటి? మళ్ళీ సెప్తాం!"

సోమిదేవమ్మగారు వీసీగారి వైపు తిరిగి, "మాటలు ఇచ్చినవాళ్ళే వద్దంటున్నారు. ఇంక ఉంచే హక్కు మీకు లేదు," అంది. వీసీగారు చెమట తుడుచుకుని, అక్కడికక్కడే రత్నం గైడును మార్చి, తీసేయమన్నాడు. ఎనభై రెండూ భుజంగరావే, తన చేత్తోనే, అందరూ చూస్తుండగా ఒక్కొక్కటీ తీశాడు. ఆఖరున నన్నూ ఖాళీ చేశాడు. నేను పొట్టలో దాచుకున్నదంతా పోయింది, నిజమే. పోతే పోయింది, ఆ మొహం చూడ్డానికి ఆ మాత్రం ఇచ్చుకోవచ్చు.

రత్నం నన్ను తీసుకుని వరండాలో కూర్చుంది. మళ్ళీ చెప్పడానికి చుట్టూ ఆడవాళ్ళు చేరారు. బస్సుకు ఇంకా మూడు గంటలుంది. అయితే పోలమ్మ ముందు నన్ను పట్టించుకోలేదు. బొడ్లోంచి ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకుంది. "ఓలమ్మీ, ఇనండర్రా! మన మాటలు దొంగిలించినోడు దొరికినాడు. బుజంగరావంట..." అని పూసగుచ్చినట్టు అంతా చెప్పి తమ గ్రూపులోకి పంపించింది. తీరం పొడవునా, తీరం నుంచి బజార్లకూ, బజార్ల నుంచి వీధులకూ వెళ్ళిపోయింది ఆ గొంతు. ఆయన కాలనీలో చేపలమ్మే అప్పలనరసమ్మ కూడా ఆ గ్రూపులోనే ఉంది, తన దగ్గర చేపలు కొనే ఇళ్ళన్నిటికీ పంపేసింది.

మిగతాది ఆ అప్పలనరసమ్మే తర్వాత రత్నానికి చెప్పింది, నేను ఆన్‌లో ఉండగా. భుజంగరావు సాయంత్రం ఇంటికెళ్ళి, అలిసిపోయినట్టు మొహం పెట్టి బెల్లు కొట్టాడట. భార్య తలుపు తీసి, చేతిలో ఫోను అలాగే పట్టుకుని, "ఏమండీ, ఎవరి మాటలో ఎత్తుకొచ్చారటగా?" అని అడిగిందట.