ఖాళీ బుట్టలో తియ్యటి పండ్లు

కొండలరావు మాస్టారు రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో తర్కం చెప్పేవారు. తర్కం తలకెక్కితే టర్కీ తువ్వాలు చుట్టుకున్నా దిగదు. ఆయనకి ఎక్కింది తర్కం ఒక్కటే కాదు, దండల మీద మోజు కూడా.

అందుకే ఎనభై నాలుగు ఉగాదినాడు, రైల్వే కాలనీ తెలుగు సంఘం సభలో మైకు పట్టుకుని, "నా దగ్గర ట్యూషన్ చదివిన తెలుగు పిల్లలందరికీ ఫస్టు క్లాసే!" అన్నారు. చప్పట్లు మోగాయి. దండ పడింది.

ఆ చప్పట్లలో వ్యాగన్ షాపు ఫిట్టరు బంగారయ్యవి రెండు చేతులున్నాయి. ఆయన కూతురు దాలమ్మ బి.ఏ.లో లాజిక్కు తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి, అభన్‌పూర్‌లో మేనత్త ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ సభదాకా కాలనీలోని సుశీల టీచరు ఆ పిల్లకి ఓపిగ్గా లాజిక్కు చెబుతోంది. మర్నాడే ఆమె దగ్గర మాన్పించి మాస్టారి దగ్గర కూర్చోబెట్టాడు.

"ఇంగ్లీషు వాక్యాన్ని గుర్తుల్లోకి దింపడమంటే పెళ్ళికూతురి నగలు విప్పడం లాంటిదమ్మా," అన్నారు మాస్టారు. "మాటలు పోతాయి, మనిషి మిగులుతుంది. 'ఈ బుట్టలో మామిడిపండ్లన్నీ తియ్యనివే.' అంటే ఏ ఎక్స్‌ని పట్టుకున్నా, అది ఈ బుట్టలో మామిడిపండైతే, అది తియ్యనిదే."

"బుట్ట ఖాళీ అయితే సార్?"

"అప్పుడూ నిజమే! అబద్ధమని చెప్పాలంటే ఒక్క పుల్లటి పండు చూపించాలి. ఖాళీ బుట్టలోంచి ఎక్కణ్ణుంచి తెస్తావ్?" మాస్టారు తొడ చరుచుకుని నవ్వారు. "సరే, నీ సొంత వాక్యం ఒకటి రాయి."

దాలమ్మ రాసింది: కొండలరావు సార్ దగ్గర చదివిన తెలుగు పిల్లలందరికీ ఫస్టు క్లాసు. దాన్ని గుర్తుల్లోకి దింపితే అన్నీ వాటి చోట్ల సరిగ్గా పడ్డాయి.

"భేష్!"

"వాళ్ళెవరెవరు సార్? నోట్సు అడిగి తెమ్మన్నాడు మా నాన్న."

మాస్టారి చెవులు రెండూ ఎర్రబడ్డాయి. దాలమ్మ ఒకసారి గుర్తుల వైపు, ఒకసారి ఆయన మొహం వైపు చూసింది. పుస్తకాలు మెల్లగా సర్దుకుంది.

సాయంత్రం మాస్టారే బంగారయ్య ఇంటికి వెళ్ళారు.

"తెలుగు పిల్లలెవరూ నా దగ్గర చదవలేదు బంగారయ్యా. మీ దాలమ్మే మొదటిది. నేనన్నది అబద్ధం కాదు. కానీ..."

"మరేటి బాధ సార్? పెయిలైనోళ్ళు గూడా లేరు గదా!" బంగారయ్య ఓదార్చబోయాడు.

ఆ ఓదార్పుతో మాస్టారికి అవమానం రెండింతలైంది. "నీ పిల్ల సుశీలగారి దగ్గరే బాగుపడుతుంది. పంపు."

బంగారయ్య మొహం మారింది. "పంపుతాను. గానీ సుశీలమ్మని ఒగ్గీసి ఒచ్చింది మీ మాట మీద సార్. ఆయమ్మ మొహం నేనెట్టా సూడాలి? అందరి ముందరా మైకులో సెప్పీసినారు. అందరి ముందరే కాదని సెప్పండి. లేకపోతే రేపు ఇంకోడు తన పిల్లని తెస్తాడు."

ఆదివారం మళ్ళీ తెలుగు సంఘం సభ. అధ్యక్షుడు సూర్యారావుగారు, "ఇప్పుడు మన ఫస్టు క్లాసు మాస్టారు!" అంటూ దండతో లేచారు. మాస్టారు దండ వేయించుకోలేదు. మైకు అందుకున్నారు.

"నా దగ్గర చదివిన తెలుగు పిల్లలందరికీ ఫస్టు క్లాసే అన్నాను. నిజమే. ఎందుకంటే అప్పటికి ఒక్కరూ చదవలేదు."

హాలంతా గొల్లుమంది. "భలే చమత్కారం మాస్టారూ!" అంటూ ఎవరో ఈల వేశారు. చప్పట్లు ఉగాదినాటి కంటే గట్టిగా మోగాయి. నవ్వనిది ఇద్దరే: మూడో వరసలో సుశీల టీచరు, ఆమె పక్కన దాలమ్మ.

అక్కడే ఊరుకుంటే పరువు దక్కేది. కాళ్ళు కుర్చీ వైపు లాగాయి కూడా. మాస్టారు మైకుని గట్టిగా పట్టుకున్నారు.

"నవ్వకండి," అన్నారు. "నేను మిమ్మల్ని మోసం చేశాను. నా మాట నమ్మి బంగారయ్య పిల్లని సుశీలగారి దగ్గర మాన్పించాడు. సుశీలగారూ, ఆ పిల్లని మళ్ళీ తీసుకోండి."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సుశీల టీచరు మాస్టారి వైపు చూడలేదు. దాలమ్మ చేతిలోని పుస్తకం అందుకుని, "ఎంతవరకు వచ్చావ్?" అని అడిగింది.