నూట డెబ్బై ఐదు డిగ్రీలు

వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన రెండో ఏడు. అప్పటికి నేను వేపుడు తొట్టి దగ్గర నిలబడబట్టి తొమ్మిదేళ్లు.

మా కంపెనీ కొట్లు ఊరికి మూడో నాలుగో ఉంటాయి. బన్నులు, చికెను, బంగాళాదుంప వేపుడు అమ్ముతాం. తలుపు తియ్యకముందే జనం అద్దానికి ముక్కులు ఆనించి నిలబడతారు. మా కొట్టుకి యూనివర్సిటీ అని పేరు పెట్టింది కౌంటరు పిల్ల. కాలేజీ సగంలో మానేసి వచ్చింది, ఆ దురద ఇక్కడ తీర్చుకునేది. కొత్తగా చేరినవాళ్లు ఉల్లిపాయలు తరిగితే ఫస్టియరు. ఏడుస్తూ చదవాల్సిన చదువంది. బన్నులు కాల్చడం రెండో ఏడు. సాసు గొట్టం చేతికొస్తే ఇక పరిశోధనే. మేనేజరు వైస్ ఛాన్సలరు, ఎందుకంటే గదిలోంచి బయటికి రాడు. ధరల బోర్డు ముందు జనం మెడలెత్తి నిలబడితే, "రిజల్ట్సు చూసుకుంటున్నారు, కదిలించకండి" అనేది. నేను ప్రొఫెసర్ని.

"మూడో తరగతివాడు ప్రొఫెసరేంటే?" అన్నాను.

"మీరు నోరు విప్పరుగా పెదనాన్నా. విప్పకపోతే ఎంత చదివారో ఎవరికి తెలుస్తుంది?"

ఎండలు ముదిరాక పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. వేపుడు తొట్టి చూసేవాళ్లు తమ వివరాలు రాసి పంపాలి. పనికిరారనుకుంటే బల్లలు తుడవడానికి మారుస్తారు. బల్లలు తుడవడం తప్పు పనేం కాదు. కానీ తొమ్మిదేళ్లు నేను పట్టిన జాలీ బుట్ట ఇంకొకడి చేతిలో చూస్తూ తుడవడం నా వల్ల కాదు.

కూడబలుక్కుంటూ కాగితం నేనే నింపాను. డిగ్రీ అని ఉంది. 175 అని వేశాను. మా నూనె అంతకి కాగాలి. ఎక్కడ పొందారు అని ఉంది. వెనక గది, రెండో తొట్టి. ఎంత కాలం పట్టింది? పదకొండు నిమిషాలు. ఏ సంవత్సరం? రోజూ. సంతకం పెట్టి పంపేశాను.

వారం తిరక్కుండా పెద్దాఫీసు ఇన్‌స్పెక్టరు దిగాడు. మెడకి టై, చేతిలో నా కాగితం. మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు.

"కొంప ముంచావు పెద్దాయనా! డిగ్రీ అంటే చదువయ్యా! కాలేజీ చదువు!"

కౌంటరు పిల్ల టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

సిగ్గేసింది. ఒక్క నిమిషమే. తర్వాత ఇన్‌స్పెక్టర్ని అడిగాను.

"డిగ్రీ గురించి మీ రూలు ఏమనుంది సార్? ఓసారి చదవండి."

చదివాడు. "కనీసం ఒక డిగ్రీ ఉండాలి."

"ఏ డిగ్రీనో ఉందా?"

కాగితం అటూ ఇటూ తిప్పాడు. "లేదు."

"ఒకటి చాలన్నారు. నా దగ్గర నూట డెబ్బై ఐదున్నాయి."

పిల్ల ఇక ఆపుకోలేకపోయింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. "నాకు రెండు డిగ్రీలున్నాయి. ఇదేమంత బ్రహ్మవిద్య?" అంటూ టై చొక్కాలోకి దోపుకుని నా బుట్ట అందుకున్నాడు.

మధ్యాహ్నం రద్దీ. వరస తలుపు దాటింది. తొందరగా తెమిలిపోతుందని రెండు బుట్టలకి సరిపడా గడ్డకట్టిన బంగాళాదుంప ముక్కలు ఒకదాంట్లోనే కుమ్మరించి నూనెలోకి దించాడు. నూనె చప్పుడు చటుక్కున పడిపోయింది. నేను చేతులు కట్టుకున్నాను. పైకి తీస్తే ముక్కలు వానపాముల్లా వేలాడాయి. కౌంటరు పిల్ల అమ్మిన పొట్లం అమ్మినట్టే వెనక్కి తెచ్చింది.

"సార్, సప్లిమెంటరీ."

ఆయనే ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలి నమిలి మింగాడు. వేళ్లు తుడుచుకుంటే కాగితం రుమాలంతా నూనె.

"ఏమైంది దీనికి?" అన్నాడు.

"చల్లటి ముక్కలు ఒక్కసారే పడ్డాయి. నూనె వేడి జారిపోయింది. వేడి లేకపోతే ముక్క వేగదు, నూనె తాగుతుంది. సగం బుట్టే వెయ్యాలి. నూనె మళ్లీ ఆ వేడి అందుకునేదాకా ఇంకోటి వెయ్యకూడదు."

ఒక్కసారే అంత మాట్లాడటం నాకే కొత్త. బుట్ట తీసుకుని పనిలోకి దిగాను. సగం, ఆగడం, మళ్లీ సగం. ముక్కలు గలగలమంటూ పళ్లెంలో పడ్డాయి. గంటలో వరస పలచబడింది. అంతసేపూ ఇన్‌స్పెక్టరు నా పక్కన కదలకుండా నిలబడ్డాడు. అప్పుడు కలం తీసి 175 పక్కన 'సరిపోతుంది' అని రాసి సంతకం చేశాడు.

మేనేజరు తొంగి చూశాడు. "ఇదేంటి సార్?"

"రూలు ప్రకారమే ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికే వెళ్లాను. పాత నూనె దించి, తొట్టి తోమి, కొత్త నూనె పోసి స్విచ్చి వేశాను. చూస్తే గుమ్మంలో ఇన్‌స్పెక్టరు. టై లేదు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి.

"మళ్లీ చూపిస్తారా?" అన్నాడు.

"ముందు చేతులు కడుక్కోండి" అన్నాను.